ఏరి తెచ్చిన చొక్కా

తుక్కు దుకాణాల వాడలో కంప్యూటరు పరీక్ష రాసి నెగ్గిన మొదటి మనిషి జల్లెడ. ఒక్క దెబ్బకు నెగ్గలేదు, మూడో దెబ్బకు నెగ్గింది. ఆ సంగతి దాచుకోవాల్సిన పని లేదు. ఒక్క దెబ్బకు తెగిపడే చెట్టును కొట్టానని ఎవరూ గొప్ప చెప్పుకోరు.

జల్లెడ అన్నది వాడ పెట్టిన పేరు. బడిలో రాయించిన పేరు వేరే ఉంది గానీ దాన్ని పిలిచేవాళ్లు లేరు. కలగాపులగంగా వచ్చిపడిన సరుకులో రాగిని రాగి వైపుకి, ఇత్తడిని ఇత్తడి వైపుకి, గాజును గాజు వైపుకి పంపడంలో చిన్నప్పటి నుంచీ ఆమె కన్నే కన్ను. పెద్దవాళ్లు చేత్తో తడిమి, గోటితో గీకి చూసేదాన్ని ఆమె దూరం నుంచే చెప్పేసేది. "దీని కళ్లల్లో పడితే పేలు కూడా రంగుల వారీగా విడిపోతాయి" అని మామయ్య, అంటే వాళ్లమ్మ తమ్ముడు, నవ్వేవాడు. ఆయన మూడు చక్రాల బండి నడుపుతాడు, సరుకు మోసుకొస్తాడు, నోరు మాత్రం బండి కంటే జోరుగా నడుస్తుంది.

తండ్రిని అందరూ కాటా అంటారు. పాత ఇనుమైనా, కాగితాలైనా, గుడ్డలైనా, పాడైపోయిన ఫ్యానైనా కాటా మీద పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ముల్లు నిలిచేదాకా ఆగి అప్పుడు బరువు చెబుతాడు. ముల్లు చూసుకోమంటాడు. ఎదుటివాళ్లు ముల్లు చూడరు, ఆయన ముఖం చూస్తారు. వాడలో అన్ని దుకాణాలుండగా జనం సందు చివరి దాకా నడిచి ఆ కాటా దగ్గరికే రావడానికి కారణం ఆ ముఖమే.

కంప్యూటరు కొలువుల గడప ఏనాడూ తొక్కని వాడల పిల్లలకు ఉచితంగా పని నేర్పే సంస్థ ఒకటి మార్కెట్టు పైన రెండో అంతస్తులో వెలిసింది. అక్కడ నేర్పేది సాఫ్ట్‌వేరు పరీక్షించే పని. ఒకరు తయారుచేసిన ప్రోగ్రామును ఇంకొకరు అన్ని రకాలుగా నొక్కి, తిప్పి, ఎక్కడ తప్పుతోందో పట్టుకుని చెప్పాలి. ఆ మాట వినగానే కాటా, ఇది ఏరే పనే కదా, మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే కదా అని, దగ్గరుండి చేర్పించి వచ్చాడు.

మొదటిసారి ఎందుకు తప్పిందో చెప్పాలి. కంప్యూటరు తెర మీద బుట్ట బొమ్మ ఒకటి ఉంటుంది, దాని మీద చుట్టూ తిరిగే బాణాలు ఉంటాయి. ఆ బాణాలు జల్లెడకు అక్షరాల కంటే ముందు తెలుసు. తండ్రి దుకాణంలో ఆ గుర్తున్న డ్రమ్ములోకి చేరిందంటే అది మేలు సరుకు, మళ్లీ వాడకంలోకి వెళ్లేది, ఎవరూ చెయ్యి పెట్టకూడనిది. ఆమె పరీక్షంతా చక్కగా రాసి, జవాబుల ఫైలును భద్రంగా ఆ బుట్టలో వేసి ఇంటికి వచ్చింది. సాయంత్రం కంప్యూటర్లు కట్టేసే ఆయన అలవాటు ప్రకారం తెరల మీది బుట్టలన్నీ ఖాళీ చేశాడు. మర్నాడు పాఠాలు చెప్పే మేడమ్, జవాబులు ఏవమ్మా అని అడిగితే, బుట్టలో దాచానండీ అంది. తరగతి గొల్లుమంది. అందరితో పాటు తనూ నవ్వినట్టు ముఖం పెట్టింది గానీ లోపల తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చెబితే తండ్రి నవ్వలేదు. "మన దగ్గర పారేసే బుట్ట అంటూ లేదు కదమ్మా. నీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

రెండోసారి వేళ్లు సాగక సమయం చాలలేదు. మూడోసారి నెగ్గింది, అదీ తరగతిలో అందరికంటే పైన.

ఇక కాటా నోటికి పట్టపగ్గాలు లేవు. పాత సీసాలు తెచ్చిన ముసలమ్మకైనా సరే, ముందు అమ్మాయి సంగతి, ఆ తర్వాతే తూకం. ఏ పరీక్ష, ఎన్నిసార్లు తప్పింది, ఎంత పైన నెగ్గింది, మేడమ్ ఏమంది, ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పేవాడు. "బావా, ఇనుము తుప్పు పట్టి సగమయ్యేలోపు తూచవయ్యా" అని మామయ్య వెనక నుంచి అరిచేవాడు. జల్లెడకు ఆ మాటలు వినపడుతుంటే ఒళ్లంతా వెచ్చగా ఉండేది. నాన్నా, ఊరుకో, అంటూనే ఇంకాస్త దగ్గరగా జరిగి వినేది.

ఆ నెలలోనే ఆయన ఒక నీలం చొక్కా కుట్టించుకున్నాడు. తుక్కు వాడలో బట్టలకు కరువుండదు. ఊరు వదిలేసిన వాటిలో మేలైనవి ఏరి, ఉతికి, ఇస్త్రీ చేయించుకుంటే బ్యాంకు గుమాస్తాల్లా తిరగొచ్చు, కాటా కూడా అలాగే తిరిగాడు. చిరిగినవి తుడుపు గుడ్డల కుప్పలోకి పోతాయి, మెకానిక్కులు నూనె చేతులు తుడుచుకోవడానికి కొనుక్కెళతారు. కాని కొత్త గుడ్డ కొని, టైలరుకు భుజాల కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా మాత్రం ఆయన జన్మలో అదే.

సంస్థకు సాయం చేసేవాళ్లకు చూపించడానికి ఒక ఫోటో కావాలన్నారు. నెగ్గిన అమ్మాయీ, ఆమె తండ్రీ, వాళ్ల పనిచోటు. కాటా పొద్దున్నే తల దువ్వుకుని, నీలం చొక్కా తొడిగి, కాటాను తుడిచి మెరిపించి దాని పక్కన నిలబడ్డాడు. ఫోటో అంటే ఉన్నవాటిలో మంచివి వేసుకుని దిగాలని ఆ వాడలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ఫోటో తీయడానికి వచ్చినతనికి మాత్రం తెలియలేదు. మర్యాదస్తుడే, అందరినీ అండీ అనే పిలిచాడు. పనిలో ఎలా ఉంటారో అలా ఉంటే బాగుంటుందండీ అన్నాడు. పనిలోనూ ఇలాగే ఉంటాను బాబూ, తూకం వేసేవాడు మాసిపోయి ఉంటే నమ్మేదెవరు, అని కాటా జవాబు. మామయ్య కలగజేసుకుని, మా బావ పెళ్లిలో ఫోటోలు తీయించుకోలేదు, ఈ ఒక్కసారికి పెళ్లికొడుకులా ఉండనివ్వండి అన్నాడు. అందరూ నవ్వారు. ఫోటో అతను కూడా నవ్వి, జల్లెడ వైపు తిరిగాడు.

"నీకు అర్థమవుతుంది కదమ్మా. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో చూసేవాళ్లకు తెలియాలి."

పక్కనే మేడమ్ ఉంది. వచ్చే వారం కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది, దానికి పంపేది మేడమే. అయినా జల్లెడను కదిలించింది ఆ భయం ఒక్కటే కాదు. నీకు అర్థమవుతుంది కదా అన్న మాట ఆమెకు కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుంది. తండ్రికీ మామయ్యకూ అర్థం కానిది తనకు అర్థమవుతుందట. తను ఇటు మనిషి కాదట, అటు మనిషట. ఆ గర్వంతోనే ఆమె తుడుపు గుడ్డల కుప్ప దగ్గరికి నడిచింది. మళ్లీ వెతకాల్సిన పని లేకుండా, ఒక్క చూపుతో సరైనదాన్ని లాగింది. భుజం దగ్గర చిరుగు, పొట్ట మీద గ్రీజు మరక, కాలరు సగం ఊడి వేలాడుతోంది. ఫోటో అతను, అదిరింది అన్నాడు.

కాటా ఆ చొక్కాను చూశాడు, కూతుర్ని చూశాడు. "నువ్వు ఏరావు కదా, తప్పు ఉండదులే" అని లోపలికి వెళ్లి మార్చుకొచ్చాడు. కాటా ఉంటే కొట్టులా కనపడుతోందని దాన్ని పక్కకు జరిపారు. ఎప్పుడూ మోయని గోతాన్ని ఆయన వీపు మీద పెట్టారు. కాస్త వంగండి అన్నారు. ముందు జల్లెడ, ఇస్త్రీ కోటులో, చేతిలో సంస్థ వాళ్ల ల్యాప్‌టాప్‌తో. వెనక, మసకగా, వంగిపోయి ఒక మనిషి. క్లిక్ అంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఇక ఆ తర్వాత జల్లెడ సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. ఇంటర్వ్యూలో నెగ్గింది. అద్దాల మేడలో కొలువు సంపాదించింది. ఆసుపత్రి వాళ్ల ప్రోగ్రాములో ఒకే పేరున్న ఇద్దరు రోగుల చీటీలు తారుమారవుతున్నాయని పట్టుకుంది, అంతకు ముందు దాన్ని ఎంతోమంది చూసి కూడా దాటేశారు. ఏడాది తిరగకుండానే పెద్ద హోదా ఇచ్చారు. కొత్త పిల్లలకు పాఠం చెప్పమని సంస్థ వేదికల మీదకు పిలిచేవాళ్లు. వాడలో ఇంకో నలుగురు పిల్లలు ఆమెను చూసి తరగతుల్లో చేరారు, మామయ్య కూతురు తర్వాతి జట్టులో సీటు కోసం ఎదురుచూస్తోంది. ఇవన్నీ కాటా నోట సందు చివరి దాకా వినపడుతూనే ఉన్నాయి.

ఫోటో కూడా ఎదిగింది. ముందు సంస్థ వెబ్‌సైటు మొదటి పేజీలోకి ఎక్కింది. తర్వాత, ఆ సంస్థకు సాయం చేసే పెద్ద చెయ్యి జల్లెడ కంపెనీయే కాబట్టి, కంపెనీ ముందు గదిలో నిలువెత్తు బ్యానరుగా వెలిసింది. కింద పెద్ద అక్షరాలతో, చెత్తలోంచి వెలుగులోకి అని రాశారు. రోజూ జల్లెడ దాని పక్క నుంచే లోపలికి నడిచేది. మొదటి రోజు తల వంచుకుని నడిచింది. తర్వాత గోడ గడియారాన్ని చూడటం అలవాటు చేసుకుంది. అటు చూస్తూ నడిస్తే ఇటు చూడక్కర్లేదు. ఇంట్లో మాత్రం దాని ఊసెత్తలేదు. నాన్న ఇటు వచ్చేదెప్పుడు, చూసేదెప్పుడు అని సర్ది చెప్పుకుంది. అయినా ఎవరైనా ఆ ఫోటో బాగుందని మెచ్చుకుంటే, ఒంటి మీద గుడ్డ జారినట్టు చటుక్కున కోటు సర్దుకునేది.

అంత తెలివైన మనిషీ ఆ తర్వాత చేసిన పని చూడండి. కంపెనీ పాత కంప్యూటర్లు అమ్మేస్తుంటే, కొనేవాళ్లలో తండ్రి దుకాణం పేరు కూడా చేర్చమని తనే చెప్పింది. తూకంలో నిక్కచ్చి మనిషి అని పై అధికారికి చెప్పి ఒప్పించింది. తండ్రికి ఒక మేలు చేద్దామనే చేసింది. సరుకు బండికి ఎక్కించడం తేలికని, వెనక గేటు నుంచి రమ్మంది. ఆ మాట అనేటప్పుడు ఆమె తండ్రి ముఖంలోకి చూడలేదు.

కాటా నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. బండిని, మామయ్యను వెనక గేటుకు పంపి, తను ముందు గుమ్మంలోంచి నడిచాడు. కూతురు కొలువు చేసే చోటికి దొడ్డిదారిన వచ్చే తండ్రి ఎవరుంటారు. అద్దం తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఎదురుగా ఆయనే, నిలువెత్తున, చిరుగు చొక్కాలో, గోతం కింద వంగిపోయి.

ఆయన అక్కడే ఆగిపోయాడు. గుమ్మం దగ్గర కాపలా ఉండే అతను ఫోటో వైపు, మనిషి వైపు మార్చి మార్చి చూసి, ముఖం విప్పార్చుకుని దగ్గరికి వచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"ఇది మీరే కదూ పెద్దాయనా? భలే మారిపోయారే. అమ్మాయి చేతికొచ్చాక ఒంటి మీదకు మంచి చొక్కా వచ్చింది."

కాటా వెనక్కి తిరిగాడు. వెనక గేటుకు వెళ్లాడు, సరుకు తూచాడు, ముల్లు చూపించాడు, సంతకం పెట్టాడు. కూతురు పైనే ఉందని తెలిసినా కబురు పెట్టలేదు. ఇదంతా కాపలా అతని దగ్గర విని, సాయంత్రం మామయ్య ఆమెకు ఫోన్లో చెప్పాడు. జోకు వేయకుండా ఆయన మాట్లాడటం ఆమె వినడం అదే మొదటిసారి. ఆమె ఇంటికి వెళ్లేసరికి నీలం చొక్కా తుడుపు గుడ్డల కుప్ప మీద ఉంది. అమ్మ దాన్ని తీసి మడత పెడుతోంది. తూకం దగ్గర నాన్న కూర్చునే కుర్చీలో మామయ్య కూర్చున్నాడు.

"ఇంతకాలం ముల్లు చూడనివాళ్లు ఇవాళ ముల్లు చూశారే కోడలా" అన్నాడు మామయ్య మెల్లగా. "నన్ను చూసి అనుకుంటా."

ఆ రోజు నుంచి కాటా ఆ కుర్చీలో కూర్చోలేదు. వెనక షెడ్డులో కాగితాలు కట్టలు కట్టేవాడు. పనిలో లోటు లేదు, తిండిలో లోటు లేదు. కూతురు గురించి మాట్లాడటం మాత్రం ఆగిపోయింది. ఎవరైనా, అమ్మాయి ఎలా ఉంది అని అడిగితే, ఉంది, అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట వినడం కంటే ఆయన తిట్టినా, కొట్టినా బాగుండుననిపించేది జల్లెడకు. ఒకరోజు షెడ్డులోకి వెళ్లి, కట్ట తాడు రెండో కొస పట్టుకుని, తప్పయిపోయింది నాన్నా అంది. ఆయన ముడి బిగించి, "నీ తప్పేముంది. ఏరమన్నారు, ఏరావు" అన్నాడు. ఆ మాటకు ఆమె చేతిలోంచి తాడు జారిపోయింది.

మేడమ్ దగ్గరికి వెళ్లి ఫోటో తీసేయమని అడిగింది. మేడమ్ చెడ్డది కాదు, విని చాలాసేపు నొచ్చుకుంది. కాని ఆ ఫోటో చూసే సాయం చేసేవాళ్లు కదులుతున్నారంది. ఇంకో ఊళ్లో, ఇలాంటిదే ఇంకో వాడలో కొత్త కేంద్రం తెరవబోతున్నారు, ఇక్కడి తర్వాతి జట్టుకూ అదే ఆధారం. "మీ మామయ్య కూతురు పేరు కూడా ఆ జట్టులోనే ఉంది. కొన్నాళ్లు ఓర్చుకోలేవా?" అంది. జల్లెడ తల ఊపి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే మొదటి పరీక్షనాటి నవ్వు చెవుల్లో మోగింది. ఆ రోజు తెలియక పనికొచ్చేదాన్ని పారేసే బుట్టలో వేసింది. మరి నాన్న విషయంలో తెలిసే వేసింది. ఇప్పుడు తీద్దామంటే పిల్లల నోటి ముందు కూడు తీసినట్టవుతుంది. తియ్యకపోతే నాన్న షెడ్డులోంచి రాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ నెలలో సంస్థ వెబ్‌సైటును కంపెనీయే కొత్తగా చేసిపెడుతోంది. పరీక్షించే పని జల్లెడది. పేజీలన్నీ నొక్కి చూసి, దొరికిన లోపాలు రాసి పంపాలి. ఎలా ఉండాలి, ఎలా ఉంది, ఎలా జరిగింది, అని మూడు మాటల్లో రాయడం వాళ్ల పద్ధతి. నొక్కితే పలకని బొత్తాము, తెగిపోయిన లంకె, అన్నీ రాసింది. ఫోటో దగ్గరికి వచ్చి చేతులు ఆగిపోయాయి. చుట్టూ చూసింది. అందరూ ఎవరి తెరలో వాళ్లున్నారు. రాయడం మొదలుపెట్టింది.

ఎలా ఉండాలి: ఇతను తన సొంత నీలం చొక్కాలో, తన కాటా పక్కన నిటారుగా నిలబడి ఉండాలి. ఎలా ఉంది: తనది కాని చిరుగు చొక్కాలో, తనది కాని గోతం మోస్తూ ఉన్నాడు. ఎలా జరిగింది: చిరిగింది కావాలని అడిగారు, తుడుపు గుడ్డల కుప్పలోంచి కూతురు ఏరి తెచ్చింది.

పేజీలు తయారుచేసే అతను ఆమె ఎదురు బల్ల దగ్గరే కూర్చుంటాడు. అది చదివాడో లేదో గానీ, లోపం కాదు, ఇచ్చిన డిజైను ప్రకారమే ఉంది అని రాసి మూసేశాడు. జల్లెడ మళ్లీ తెరిచింది. మళ్లీ మూసేశాడు. గోడకు కొట్టిన బంతిలా అది అటూ ఇటూ తిరిగింది. చివరికి కుర్చీ తిప్పి, ఏంటండీ ఇది, ఫోటోలో బొత్తాలు కూడా పరీక్షిస్తారా అని నవ్వాడు. ఆమె కూడా అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగిపోయింది. డిజైనే తప్పు, ఆ కూతుర్ని నేనే, అని కింద రాసి మళ్లీ తెరిచింది.

మూయని లోపాలు మిగిలితే వారం చివర సమావేశంలో పెద్దవాళ్ల ముందు పైకి చదవాలి. అదీ వాళ్ల పద్ధతే. ఆ రోజు మేడమ్ కూడా వచ్చింది. జల్లెడ లేచి నిలబడి, బొత్తాములు, లంకెలు చదివి, ఇది కూడా చదివింది. మధ్యలో ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి చదివింది. ఎదురు బల్ల అతను తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. పై అధికారి, ఇది మాకు ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నాడు. "చెప్పాల్సిందేనండి" అంది జల్లెడ. "అప్పుడు బాగుందనిపించింది నాకు." తను నిలబడి ఉన్న చోటు నుంచి అద్దంలోంచి కింద బ్యానరు వీపు కనపడుతోంది.

ఫోటో తీసేశారు. వెబ్‌సైటులోంచి ఆ సాయంత్రమే పోయింది. మేడమ్ ముభావంగానే ఒప్పుకుంది. అనుకున్నంతా అయింది కూడా. సాయం తగ్గింది, ఇక్కడ తర్వాతి జట్టు ఆగిపోయింది, కొత్త ఊరి కేంద్రం తెరుస్తారు గానీ ఇద్దరు టీచర్ల చోట ఒక్కరే ఉంటారన్నారు. మామయ్య కూతురు సీటు గాలిలో కలిసింది. ఆ పిల్ల, పరవాలేదులే వదినా అంది. పరవాలేదన్న ఆ మాట జల్లెడకు ముల్లులా దిగింది.

అయినా అసలు సిగ్గు ఇంకా ముందుంది. బ్యానరు తీసేయమంటే తీసేశారే గానీ, తీసింది ఎక్కడికి పోతుందో జల్లెడ ఆలోచించలేదు. తుక్కు వాడలో పుట్టిన మనిషి ఆలోచించకపోవడమే విడ్డూరం. ఊరు పారేసింది ఏదైనా చివరికి చేరేది ఎక్కడికో ఆమెకు తెలియనిదా. కంపెనీ వెనక గేటు దగ్గర పాత అట్టపెట్టెలతో పాటు చుట్ట చుట్టి పెట్టిన దాన్ని మామయ్య ఏమిటో చూడకుండా బండిలో వేసుకొచ్చాడు. దుకాణం ముందు, కప్పు మీదకు పనికొస్తుందేమో చూద్దామని విప్పి నేల మీద పరిచాడు.

ఆ రోజు సెలవు. జల్లెడ ఇంట్లోనే ఉంది. బయట మాటలు టక్కున ఆగిపోతే ఏమిటా అని వచ్చి చూసింది. సరుకు తెచ్చినవాళ్లు, ఎదురు కొట్టువాళ్లు, మెకానిక్కు, అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో నేల మీద తను, కోటులో, నవ్వుతూ. వెనక నాన్న. కింద చెత్తలోంచి వెలుగులోకి అన్న అక్షరాలు. ఎండకు అవి మెరుస్తున్నాయి. మామయ్య చుట్టబోయి, తొట్రుపాటులో ఇంకా విప్పేసి, చేసేది లేక వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. ఆమెకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. చీలదు కదా. నిలబడింది.

షెడ్డులోంచి కాటా వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన బ్యానరు అంచు దగ్గర నిలబడి, అప్పటి దాకా ఎవరూ అంత తీరిగ్గా చూడనంత తీరిగ్గా చూశాడు. తన ముఖాన్నే కాదు, కూతురు ముఖాన్ని కూడా చూశాడు.

"ఆ చొక్కా మన కుప్పలోది" అని మెకానిక్కు వైపు తిరిగి చెప్పాడు. "నాది కాదు. ఇది వేసుకోమంటే వేసుకున్నాను."

జల్లెడ ముందుకు వచ్చింది. అందరి ముందూ చెప్పాలని ఆమె అనుకోలేదు, నోరే చెప్పేసింది. "నేనే ఏరి ఇచ్చాను" అంది. "నీలం చొక్కా విప్పించి ఇది తొడిగించింది నేనే."

కాటా విన్నట్టు తల ఊపాడు. ఓదార్చలేదు, కసరలేదు. బ్యానరును చుట్టి, చంకన పెట్టుకుని, కుర్చీలో కూర్చున్న మామయ్యను లేవమన్నట్టు చూశాడు. మామయ్య లేచాడు. బ్యానరును కాటా మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ముల్లు నిలిచేదాకా ఆగాడు. "ఇంతమంది చూసినా నేను తూగింది ఇంతే" అన్నాడు. అది జోకో కాదో ఎవరికీ తెలియలేదు. నవ్వింది ఒక్క మామయ్యే, అదీ సగం. ఆ తర్వాత కాటా, సీసాల సంచితో నిలబడ్డ ముసలమ్మను రమ్మని చెయ్యి ఊపాడు.

ఆ రోజు నుంచి కుర్చీలో ఆయనే కూర్చుంటున్నాడు. కాని కూతురు మాట ఎత్తడు. నీలం చొక్కా అమ్మ పెట్టెలోనే ఉంది. జల్లెడ భోజనం దగ్గర తండ్రికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోవడం అలవాటు చేసుకుంది.

కొత్త ఊరి కేంద్రంలో రెండో టీచరు లేరని విన్నాక ఆమె సంస్థకు వెళ్లి, ఆ పని తను చేస్తానంది. కంపెనీలో సెలవు పెట్టింది. జీతం అడగలేదు, రెండే అడిగింది. మామయ్య కూతుర్ని అక్కడి తరగతిలో కూర్చోనివ్వాలి. పిల్లల ఇళ్లకు ఫోటోలు తీసేవాళ్లు వెళితే, ఇంటివాళ్లు ఏ బట్టలు వేసుకుంటే వాటిలోనే తీయాలి. మేడమ్ రెండింటికీ సరే అంది. రెండోదానికి సరే అనేటప్పుడు ఆవిడ జల్లెడ ముఖంలోకి చూడలేకపోయింది.

బయల్దేరే రోజు కాటా కుర్చీ దిగలేదు. మామయ్య బండిలో బస్టాండు దాకా దింపాడు, కూతురికీ కోడలికీ కలిపి దారంతా జాగ్రత్తలు చెప్పాడు. ఆ ఊరు కూడా ఇలాంటిదే. ఇరుకు సందులు, గోతాల గుట్టలు, రేకుల కప్పు కింద తరగతి. మొదటి రోజు జల్లెడ తెర మీద బాణాల బుట్టను చూపించి, ఇది మన బుట్ట కాదు, ఇందులో వేసింది తిరిగి రాదు అని చెప్పింది. పిల్లలు నవ్వలేదు, తలలు ఊపారు. పొద్దంతా పని, సాయంత్రం ఇంటికి ఫోను. అమ్మతోనే మాట్లాడేది, సెలవుకు ఏ రోజు వస్తుందో కూడా అమ్మకే చెప్పింది. నాన్న ఎలా ఉన్నాడంటే, ఉన్నాడు, అనేది అమ్మ.

ఒక సాయంత్రం అమ్మ ఫోను చేత్తో పట్టుకునే దుకాణం ముందుకు వచ్చినట్టుంది. ఇనుము చప్పుడు, మామయ్య ఎవరినో ఆట పట్టించడం వినపడ్డాయి. సరుకు తెచ్చిన ముసలమ్మ గొంతు, మీ అమ్మాయి కనపడటం లేదే అని అడిగింది. చప్పుళ్లన్నీ కాసేపు ఆగాయి. ముల్లు నిలవాలేమో. జల్లెడ ఫోను చెవికి నొక్కుకుంది. ఉంది, అంటాడనుకుంది.

"పాఠాలు చెప్పడానికి వెళ్లింది" అన్నాడు కాటా. పరీక్షల సంగతి, హోదా సంగతి ఏదీ చెప్పలేదు. ఇంకొక్క మాట మాత్రం కలిపాడు. "నవంబరు ఇరవై మూడున వస్తుంది, ఆదివారం."